ఎక్సెల్ యాడ్-ఇన్ డైరీ: ఈ ఎర్రర్ చెప్తున్నది ఎవరు?

సోమవారం

చేయదలచుకున్నది చిన్న పనే. ఎక్సెల్‌లో కొన్ని సెల్స్ సెలెక్ట్ చేసి రిబ్బన్ మీద ఒక బటన్ నొక్కితే, వాటిలోని మాటలకు ముందూ వెనకా అంటుకున్న ఖాళీలు పోవాలి. వేరే సాఫ్ట్‌వేర్ల నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన షీట్లలో ఈ కనబడని ఖాళీల వల్లే వీ-లుకప్ ఎదురుగా ఉన్న వరసని కూడా లేదంటుంది. మాక్రో రాస్తే చిటికెలో అయిపోతుంది, నిజమే. కానీ ఏ ఫైలు తెరిచినా బటన్ అక్కడే ఉండాలి, కోడ్ సీ షార్ప్‌లో ఉండాలి. అందుకని యాడ్-ఇన్, అంటే ఎక్సెల్ తనతో పాటు లోడ్ చేసుకునే చిన్న ప్రోగ్రామ్.

కోడ్ రాసుకునే విజువల్ స్టూడియోలో దీనికి వీఎస్‌టీఓ (ఆఫీస్ యాడ్-ఇన్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే పరికరాలు) టెంప్లేట్ ఉంది. అది సగం కోడ్ తనే రాసిపెడుతుంది. అడుగున ఏం జరుగుతుందో చూడాలని ఉంది కాబట్టి దాన్ని పక్కనపెట్టి, మామూలు క్లాస్ లైబ్రరీగా, .నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద, కామ్ (విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పిలిచే పద్ధతి) యాడ్-ఇన్ మొదలుపెట్టాను.

ఈ డైరీలో కోడ్ కంటే ఎర్రర్ల గురించే ఎక్కువ ఉంటుంది. బిల్డ్ (రాసిన కోడ్‌ని నడిచే ఫైలుగా మార్చడం) కొట్టాక వచ్చే ఎర్రర్లన్నీ ఒకే జాబితాలో, ఒకే ఎర్ర గుర్తుతో కనిపిస్తాయి కానీ, వాటిని చెప్పేవాళ్ళు వేరు వేరు. నంబరు ముందున్న అక్షరాలు చూడాలి. సీఎస్ అని ఉంటే సీ షార్ప్ కంపైలర్ మాట. ఎంఎస్‌బీ అని ఉంటే బిల్డ్ మొత్తాన్ని నడిపించే ఎంఎస్‌బిల్డ్ మాట. ఎన్‌యూ అంటే ప్యాకేజీలు తెచ్చే న్యూగెట్. ఎంఎస్‌బీ ఎర్రర్ వచ్చినప్పుడు సోర్స్ ఫైల్లో ఎంత వెతికినా సాధారణంగా ఏమీ దొరకదు. అక్కడ చూడాల్సింది ప్రాజెక్ట్ సెట్టింగులు, ఫోల్డర్లు, పర్మిషన్లు.

యాడ్-ఇన్ క్లాస్ రెండు ఇంటర్‌ఫేస్‌లు (ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందాలు) అమలు చేయాలి. ఎక్సెల్ యాడ్-ఇన్‌ని లోడ్ చేసేటప్పుడు, దింపేసేటప్పుడు పలకరించడానికి ఐడీటీఎక్స్‌టెన్సిబిలిటీ2. రిబ్బన్ మీద బటన్ పెట్టడానికి ఐరిబ్బన్‌ఎక్స్‌టెన్సిబిలిటీ. సీ షార్ప్ నుంచి ఎక్సెల్‌ని పిలవడానికి కావలసిన ఎక్సెల్ ఇంటరాప్ లైబ్రరీని న్యూగెట్ నుంచి తెచ్చుకుని, పైన యూజింగ్ లైన్లు రాసి బిల్డ్ కొడితే రెండు రకాల ఎర్రర్లు వచ్చాయి.

ఒకటి సీఎస్0246: ఈ పేరుతో టైప్ గానీ నేమ్‌స్పేస్ (టైపుల గుంపుకి పెట్టే ఇంటిపేరు) గానీ దొరకలేదు, యూజింగ్ లైనో అసెంబ్లీ (కంపైలైన డీఎల్ఎల్ ఫైలు) రిఫరెన్సో మరిచారా అని. రెండోది సీఎస్0234: మైక్రోసాఫ్ట్ ఆఫీస్ అనే నేమ్‌స్పేస్‌లో కోర్ అనేది లేదు అని. పైపైన చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ 0246 అంటే ఆ పేరే కంపైలర్ ఎప్పుడూ వినలేదు. 0234 అంటే గుమ్మం దాకా వచ్చింది, లోపలి గది మాత్రం దొరకలేదు. ఎక్సెల్ ఇంటరాప్ వల్ల "మైక్రోసాఫ్ట్.ఆఫీస్" వరకూ తెలుసు, "కోర్" మాత్రం వేరే డీఎల్ఎల్‌లో ఉంది. కాబట్టి 0234 వస్తే స్పెల్లింగ్ మీద అనుమానం తగ్గించుకుని, లేని రిఫరెన్స్ ఏదో చూసుకోవడమే మంచిది.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి: నేమ్‌స్పేస్ పేరూ డీఎల్ఎల్ పేరూ ఒకటే కావాలని రూలేమీ లేదు. మైక్రోసాఫ్ట్.ఆఫీస్.కోర్ అనే నేమ్‌స్పేస్ ఉండేది ఆఫీస్.డీఎల్ఎల్‌లో. రిఫరెన్సులు కలిపే కిటికీలో కామ్ జాబితాలో అది "మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 16.0 ఆబ్జెక్ట్ లైబ్రరీ" అన్న పేరుతో ఉంటుంది. ఒకే వస్తువుకి మూడు చోట్ల మూడు పేర్లు. యూజింగ్ లైన్ ఏ రిఫరెన్స్‌నీ తేదు, ఉన్నదాన్ని పొట్టి పేరుతో పిలిచే సౌకర్యం మాత్రమే ఇస్తుంది. ఆ ఆబ్జెక్ట్ లైబ్రరీ కలిపాక 0234 పోయింది. ఎక్స్‌టెన్సిబిలిటీ డీఎల్ఎల్ కలిపాక 0246 కూడా పోయింది.

మంగళవారం రాత్రి

రిఫరెన్సులు సరిపోయాక ఎర్రర్లు తగ్గాలి కదా. పెరిగాయి. ఇప్పుడన్నీ సీఎస్0535: ఈ క్లాస్ ఫలానా ఇంటర్‌ఫేస్‌లోని ఫలానా మెంబర్‌ని అమలు చేయలేదు అని. ఐడీటీఎక్స్‌టెన్సిబిలిటీ2లో అయిదు మెథడ్లు ఉన్నాయి: ఆన్‌కనెక్షన్, ఆన్‌డిస్‌కనెక్షన్, ఆన్‌యాడిన్స్‌అప్‌డేట్, ఆన్‌స్టార్టప్‌కంప్లీట్, ఆన్‌బిగిన్‌షట్‌డౌన్. నిన్న ఆ ఇంటర్‌ఫేసే దొరకలేదు కాబట్టి అందులో ఏముందో కంపైలర్‌కి తెలియదు. ఇప్పుడు దొరికింది, లెక్క అడుగుతోంది.

అయిదూ రాసినా ఒక్కో మెథడ్‌కి 0535 అలాగే ఉంది. ఆన్‌కనెక్షన్ కళ్ళెదురుగా ఉంది, పేరు సరిగ్గానే ఉంది, పబ్లిక్ అని కూడా ఉంది. ఇలాంటప్పుడు మెసేజ్ చివరి దాకా చదవాలి. ఎర్రర్ లిస్ట్‌లో వరస పొడవు చాలక మెసేజ్ తోక తెగిపోతుంది, అసలు విషయం ఆ తోకలోనే ఉంది. అవుట్‌పుట్ కిటికీలో పూర్తిగా చూస్తే, కంపైలర్ అడుగుతున్న ఆన్‌కనెక్షన్‌కి నాలుగు పారామీటర్లు: ఆబ్జెక్ట్, ఎక్స్‌ట్_కనెక్ట్‌మోడ్, ఆబ్జెక్ట్, చివరిది "రెఫ్ సిస్టమ్.అరే". కోడ్‌లో ఉన్నది ఉత్త అరే, ముందు రెఫ్ లేదు. సీ షార్ప్ లెక్కలో రెఫ్ ఉన్న మెథడూ లేని మెథడూ రెండు వేరు మెథడ్లు. "అమలు చేయలేదు" అన్న మాటకి అర్థం "నేనడిగిన సంతకంతో (పేరూ, పారామీటర్ల వరసా) అమలు చేయలేదు" అని. మిగతా నాలుగిటిలోనూ ఇదే అరే పారామీటర్ ఉంది కాబట్టి, అన్నిటికీ రెఫ్ తగిలిస్తే 0535 జాబితా మాయమైంది.

అది పోగానే కొత్తవి వచ్చాయి, ఈసారి మెథడ్ల లోపల. ఎర్రర్లు దిద్దేకొద్దీ పెరగడం చూసి కొత్తవాళ్ళు బెదిరిపోతారు కానీ దీనికి కారణం చాలా సాదా. విజువల్ స్టూడియో 2015 నుంచి వాడుకలో ఉన్న రోజ్లిన్ కంపైలర్ బిల్డ్‌లో అంచెలవారీగా పోతుంది. ముందు వాక్యాల నిర్మాణం చూస్తుంది: బ్రాకెట్లు, సెమీకోలన్లు. అక్కడ ఎర్రర్ ఉంటే అది చెప్పి ఆగిపోతుంది. అది దాటితే డిక్లరేషన్లు: యూజింగ్ లైన్లు, క్లాస్ ఏ ఇంటర్‌ఫేస్ తీసుకుంది, మెథడ్ల పారామీటర్ల టైపులు. అక్కడా తప్పుంటే ఆగుతుంది. ఈ రెండూ దాటాకే మెథడ్ల కడుపులో ఏముందో చూస్తుంది. నిన్నటి 0246, ఈరోజు 0535 రెండో అంచెవి. ఇప్పుడు మూడో అంచెలో ఉన్నాం. సంఖ్య పెరిగినా ముందుకే జరిగాం.

ఇంకో సంగతి. కోడ్ టైప్ చేస్తుండగా ఎడిటర్ గీసే ఎర్ర గీతలు ఈ అంచెల కోసం ఆగవు, దొరికినవన్నీ చూపిస్తాయి. అందుకే ఎర్రర్ లిస్ట్ పైన "బిల్డ్ + ఇంటెల్లిసెన్స్" అని ఉన్నప్పుడు రెండు రకాల ఎర్రర్లూ కలగలిసి ఉంటాయి. దాన్ని "బిల్డ్ ఓన్లీ"కి మార్చి, అవుట్‌పుట్ కిటికీలో మొదటి ఎర్రర్ ఏదో చూసి అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను. కింద ఉన్నవాటిలో చాలావరకూ మొదటిదాని పిల్లలే.

బుధవారం

దీనికి మంచి ఉదాహరణ ఈరోజే దొరికింది. రిబ్బన్ బటన్ కోసం ఎక్స్‌ఎంఎల్ కావాలి, గెట్‌కస్టమ్‌యూఐ అనే మెథడ్ దాన్ని స్ట్రింగ్‌గా తిరిగివ్వాలి. ఒక నమూనా ఎక్స్‌ఎంఎల్ తెచ్చి ఎట్ గుర్తు, డబుల్ కోట్ మధ్య అతికించాను. ఒక్క బిల్డ్‌తో తెర నిండా ఎర్రర్లు: సెమీకోలన్ కావాలి, ఈ చోట "<" చెల్లదు, క్లోజింగ్ బ్రాకెట్ కావాలి... ఒక్క ఫైలుకే.

మొదటిదే చూడండి. సీఎస్1002, సెమీకోలన్ కావాలి, గురి మొదటి వరసలో "హెచ్‌టీటీపీ" అన్న మాటకు ముందు. కస్టమ్‌యూఐ ట్యాగ్‌లో ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ ఈక్వల్స్ తర్వాత ఒక డబుల్ కోట్ ఉంది. కంపైలర్ లెక్కలో మన స్ట్రింగ్ అక్కడితో ముగిసింది. ఆ తర్వాత వచ్చిన హెచ్‌టీటీపీ ఒక పేరు, దాని పక్కన కోలన్, అంటే గోటూ కోసం పెట్టుకునే లేబుల్! తర్వాతి రెండు స్లాష్‌లు? కామెంట్ మొదలు. ఆ వరసలో మిగిలిందంతా కామెంట్‌లో కొట్టుకుపోయింది. రెండో వరసలో రిబ్బన్ ట్యాగ్ తెరిచిన గుర్తు వచ్చేసరికి "ఇక్కడ చిన్నదా అని పోల్చడానికి ఎడమ పక్కన ఏమీ లేదే" అని సీఎస్1525. కంపైలర్ చెప్పిన ప్రతి మాటా దాని కోణంలో నిజమే. కానీ సెమీకోలన్ కావాలందని సెమీకోలన్ పెడితే మాత్రం ఊబిలోకి దిగినట్టే. ఎర్రర్ మెసేజ్‌లో నమ్మాల్సింది ముఖ్యంగా చోటు. "ఇక్కడిదాకా అర్థమైంది, ఇక్కడి నుంచి కాలేదు" అన్న సమాచారం అది. ఇలా చేయమన్న సలహా కంపైలర్ ఊహ మాత్రమే.

ఎట్ గుర్తు ఉన్న స్ట్రింగ్‌లో కోట్‌ని రెండుసార్లు రాస్తే సరిపోతుంది, కానీ ఎక్స్‌ఎంఎల్ నిండా కోట్లే, చదవడానికి కళ్ళు చాలవు. మూడేసి కోట్ల రా స్ట్రింగ్ (లోపలి కోట్లని అలాగే ఉంచే రకం) వాడి చూస్తే సీఎస్8370: ఈ సౌకర్యం సీ షార్ప్ 7.3లో లేదు, 11.0 లేదా ఆపైన వాడండి అని. .నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 ప్రాజెక్టుకి డీఫాల్ట్ భాషా వెర్షన్ 7.3 కాబట్టి అది న్యాయమే. ఏ వెర్షన్ కావాలో కూడా చెప్పే ఇలాంటి మెసేజ్‌లు ఇంకా ఉంటే బాగుండు. చివరికి ఎక్స్‌ఎంఎల్‌ని వేరే ఫైల్లో పెట్టి, దాన్ని ఎంబెడెడ్ రిసోర్స్‌గా (డీఎల్ఎల్ లోపలే ఉండే ఫైలుగా) మార్చి, అక్కడి నుంచి చదువుతున్నాను.

గురువారం

మెథడ్ల లోపలి ఎర్రర్ల దగ్గరికి వచ్చాం. మొదటిది సీఎస్0104: అప్లికేషన్ అంటే ఏ అప్లికేషన్? మెసేజ్‌బాక్స్ కోసం విండోస్ ఫార్మ్స్ యూజింగ్, ఎక్సెల్ కోసం ఎక్సెల్ ఇంటరాప్ యూజింగ్ రెండూ పైన ఉన్నాయి. రెండింటిలోనూ అప్లికేషన్ అనే టైప్ ఉంది. కంపైలర్ రెండు పూర్తి పేర్లూ చూపించి తేల్చుకోమంటోంది. ఎక్సెల్ నేమ్‌స్పేస్‌కి "ఎక్సెల్" అని ముద్దుపేరు పెట్టి, ప్రతిచోటా ఎక్సెల్.అప్లికేషన్, ఎక్సెల్.రేంజ్ అని రాయడం ఆఫీస్ యాడ్-ఇన్లలో అందరూ చేసేదే. మారుస్తుంటే ఎక్సెల్ అని చేర్చని రేంజ్, వర్క్‌షీట్ మాటలన్నీ 0246గా తేలాయి. అదీ మంచిదే, మార్చాల్సిన చోట్లు కంపైలరే వెతికిపెట్టింది.

అసలు ముచ్చట తర్వాతిది. పాత నమూనా కోడ్‌లో ఎక్సెల్‌ని విడిగా తెరిచి పరీక్షించే లైన్ ఒకటి ఉంది: న్యూ ఎక్సెల్.అప్లికేషన్‌క్లాస్. దానికి సీఎస్1752: ఈ ఇంటరాప్ టైప్‌ని ఎంబెడ్ చేయలేం (మన డీఎల్ఎల్‌లోకే ఇమడ్చలేం), తగిన ఇంటర్‌ఫేస్ వాడండి అని.

దీనికి ఎక్కడ వెతికినా ఎక్కువగా కనిపించే మందు: రిఫరెన్స్ ప్రాపర్టీస్‌లో "ఎంబెడ్ ఇంటరాప్ టైప్స్"ని ఫాల్స్ చేయండి. చేసి చూశాను. 1752 వెంటనే పోయింది, దాని బదులు నిన్నటిదాకా హాయిగా ఉన్న లైన్లకు ఎర్రర్లు పుట్టాయి. యాక్టివ్‌షీట్‌ని వర్క్‌షీట్ వేరియబుల్‌లో పెట్టే చోట సీఎస్0266, ఆబ్జెక్ట్‌ని వర్క్‌షీట్‌గా తనంతట తానుగా మార్చలేనని. సెల్స్[1, 1] పక్కన చుక్క పెట్టి వాల్యూ అన్న చోట సీఎస్1061, ఆబ్జెక్ట్‌లో వాల్యూ అనేదే లేదని.

ఈ రెండింటికీ వేరు ఒకటే. ఇంటరాప్ లైబ్రరీలో యాక్టివ్‌షీట్ తిరిగిచ్చేది ఆబ్జెక్ట్. షీట్ చార్ట్ షీట్ కూడా కావచ్చు కాబట్టి అంతకంటే ఖచ్చితంగా చెప్పలేరు. అయితే 2010లో .నెట్ 4తో పాటు వచ్చిన ఎంబెడింగ్ ట్రూలో ఉన్నప్పుడు, కామ్ నుంచి వచ్చే అలాంటి ఆబ్జెక్ట్‌లని కంపైలర్ డైనమిక్‌గా చూస్తుంది. డైనమిక్ అంటే "ఇప్పుడు అడగను, నడిచేటప్పుడు చూసుకుందాం" అని. ఫాల్స్ చేయగానే ఆ ఉదారత పోయి, ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్‌గానే మిగిలింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే ఎర్రర్లు రావడానికి కారణం ఇదే. పైగా ఫాల్స్‌లో ఉంచితే ఇంటరాప్ డీఎల్ఎల్‌ని కూడా యాడ్-ఇన్‌తో పాటు మోసుకుతిరగాలి.

మళ్ళీ ట్రూ చేసి, అప్లికేషన్‌క్లాస్‌లోని క్లాస్ అన్న తోక తీసేశాను. న్యూ ఎక్సెల్.అప్లికేషన్ అని రాస్తే చాలు. అది ఇంటర్‌ఫేస్, మామూలుగా ఇంటర్‌ఫేస్‌కి న్యూ పనికిరాదు కానీ, కామ్ ఇంటర్‌ఫేస్‌లకి వెనకున్న క్లాస్ ఏదో ఒక యాట్రిబ్యూట్‌లో రాసి ఉంటుంది, కంపైలర్ దాన్ని చూసుకుంటుంది. తగిన ఇంటర్‌ఫేస్ వాడమని 1752 మెసేజ్‌ చెప్పింది సరిగ్గా ఇదే. నిన్న కంపైలర్ సలహా ఊహ అన్నాను, ఈరోజు అదే సూటైన సలహా. కాబట్టి ఒక గీత గీసుకున్నాను: సింటాక్స్ ఎర్రర్ల సలహాలు అనుమానంతో చదవాలి, టైపుల గురించిన సలహాలు పాటించాలి.

సెల్స్ విషయంలో మాత్రం క్యాస్ట్ (ఇది ఫలానా టైప్ అని కంపైలర్‌కి చెప్పడం) రాసే ఉంచాను. డైనమిక్ సౌకర్యమే కానీ, వాల్యూ స్పెల్లింగ్ తప్పితే కంపైలర్ నోరెత్తదు, బటన్ నొక్కాక గానీ తెలియదు.

శుక్రవారం

సీఎస్‌లు అయిపోయాయి, ఎంఎస్‌బీలు మొదలయ్యాయి. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో "రిజిస్టర్ ఫర్ కామ్ ఇంటరాప్" టిక్ పెట్టగానే ఎంఎస్‌బీ3216: అసెంబ్లీని రిజిస్టర్ చేయలేం, అనుమతి లేదు, అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో క్లాసెస్ రూట్ కింద రాయాలంటే ఆ హక్కు కావాలి. విజువల్ స్టూడియోని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచాను. అంతే, ఇందులో పెద్దగా చెప్పుకోడానికేం లేదు.

ఎక్సెల్ తెరిచి ఉండగా బిల్డ్ చేస్తే ఎంఎస్‌బీ3026 వార్నింగులు వరసగా వస్తాయి, సెకనుకోసారి మళ్ళీ ప్రయత్నిస్తున్నా అంటూ. పదిసార్లయ్యాక ఎంఎస్‌బీ3027తో చేతులెత్తేస్తుంది: ఓబీజే ఫోల్డర్ నుంచి బిన్‌లోకి కాపీ కాలేదు, ఫైలుని ఫలానా ప్రాసెస్ పట్టుకుని ఉంది అని. ప్రాసెస్ పేరూ ఐడీ కూడా ఇస్తుంది కాబట్టి వెతుక్కోనక్కర్లేదు. ఎక్సెల్ కిటికీ మూసినా ప్రాసెస్ టాస్క్ మేనేజర్‌లో మిగిలిపోవచ్చు, అక్కడి నుంచి ఆపాలి. గమనించాల్సింది ఏంటంటే కంపైల్ అప్పటికే సక్సెస్. "బిల్డ్ ఫెయిల్డ్" అని చూసి కోడ్ మార్చడం మొదలుపెడితే రాత్రంతా అక్కడే.

ఎక్కువసేపు ఆపింది ఎర్రర్ కాదు, వార్నింగ్. ఎంఎస్‌బీ3214: ఈ అసెంబ్లీలో కామ్ ఇంటరాప్‌కి రిజిస్టర్ చేయగల టైపులేవీ లేవు. కింద బిల్డ్ సక్సీడెడ్ అనే ఉంది. అంటే డీఎల్ఎల్ తయారైంది, కానీ బయటి ప్రపంచానికి అందులో ఏమీ లేనట్టే. టెంప్లేట్‌తో వచ్చే అసెంబ్లీఇన్ఫో ఫైల్లో కామ్‌విజిబుల్ ఫాల్స్ అని ఉంటుంది. క్లాస్ మీద విడిగా కామ్‌విజిబుల్ ట్రూ పెట్టాలి, క్లాస్ పబ్లిక్‌గా ఉండాలి, పారామీటర్లు లేని పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ ఉండాలి. అన్నీ చేశాక వార్నింగ్ పోయింది. యాడ్-ఇన్ పనిలో దీన్ని ఎర్రర్‌తో సమానంగా చూడాలని నా అభిప్రాయం.

శనివారం

బిల్డ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, ఎక్సెల్‌లో బటనూ లేదు. ఇక్కడి నుంచి కంపైలర్ ఏమీ చెప్పదు, దాని పని అయిపోయింది. ఇప్పుడు చెప్పాల్సింది ఎక్సెల్.

నా ఎక్సెల్ 64-బిట్. ఆఫీస్ 2019 నుంచి డీఫాల్ట్‌గా అదే ఇన్‌స్టాల్ అవుతుంది. 32-బిట్ వైపు రిజిస్టరైన యాడ్-ఇన్ దానికి కనబడదు. అందుకని అసెంబ్లీని రిజిస్టర్ చేసే రెగ్‌ఆజ్మ్‌ని, ఫ్రేమ్‌వర్క్64 ఫోల్డర్‌లో ఉన్నదాన్ని, కోడ్‌బేస్ స్విచ్‌తో చేత్తో నడిపాను. అది ఆర్‌ఏ0000 అని ఇంకో వార్నింగ్ ఇచ్చింది, డిజిటల్ సంతకం లేని అసెంబ్లీని ఇలా రిజిస్టర్ చేస్తే వేరే అప్లికేషన్లకి అడ్డు తగలొచ్చని. సొంత మెషీన్‌లో ప్రయోగానికి పరవాలేదు. తర్వాత రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద, ఎక్సెల్ యాడిన్స్ కీలో, ప్రోగ్‌ఐడీ (యాడ్-ఇన్‌కి రిజిస్ట్రీలో ఉండే పేరు) పేరుతో లోడ్‌బిహేవియర్ 3, అంటే తెరవగానే లోడ్ చేయమని. ఎక్సెల్ తెరిచేసరికి ఆ 3 మాత్రం 3గానే ఉంది. లోడ్ చేయబోయి విఫలమైతే ఎక్సెల్ దాన్ని 2 చేస్తుంది, కాబట్టి లోడ్ అయిందన్నమాట. బటన్ మాత్రం లేదు.

మిగిలిన అనుమానం రిబ్బన్ ఎక్స్‌ఎంఎల్ మీదే. అది కంపైలర్‌కి ఉత్త రిసోర్స్ ఫైలు, లోపల ఏం రాసినా పట్టించుకోదు. ఎక్సెల్ కూడా మామూలుగా మౌనంగా వదిలేస్తుంది. ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, జనరల్ కింద "షో యాడ్-ఇన్ యూజర్ ఇంటర్‌ఫేస్ ఎర్రర్స్" అని ఒక టిక్ ఉంది. అది పెట్టి ఎక్సెల్ మళ్ళీ తెరిస్తే, వరస, కాలమ్ సహా చెప్పింది: ఆన్‌యాక్షన్ అనే యాట్రిబ్యూట్ స్కీమాలో (చెల్లే పేర్ల పట్టికలో) లేదట. ఎక్స్‌ఎంఎల్‌లో "యాక్షన్" మొదటి అక్షరం పెద్దది కావాలి, ఫైల్లో చిన్నది ఉంది. దిద్దాక బటన్ వచ్చింది. నొక్కితే ఖాళీలు పోతున్నాయి.

ఈ టిక్ సంగతి రిబ్బన్ ముట్టుకునే ముందే తెలిసుండాల్సింది. యాడ్-ఇన్ రాసేవాళ్ళెవరైనా ఎక్సెల్‌లో మొదట చేయాల్సిన పని అదే.

ఆదివారం

మిగిలింది ఒక్క వార్నింగ్, సీఎస్0467. పని అయ్యాక షీట్‌ని ముందుకు తేవడానికి యాక్టివేట్ పిలిచిన చోట. వర్క్‌షీట్‌కి యాక్టివేట్ అనే మెథడూ ఉంది, అదే పేరుతో ఈవెంటూ ఉంది. మెథడ్‌నే తీసుకుంటున్నానని కంపైలర్ చెప్తోంది. నడవడానికి ఇబ్బంది లేదు కానీ, వార్నింగుల జాబితా ఖాళీగా ఉంటేనే కొత్తగా 3214 లాంటిది వచ్చినప్పుడు కంటికి ఆనుతుంది. షీట్‌ని అండర్‌స్కోర్ వర్క్‌షీట్‌కి క్యాస్ట్ చేసి పిలిస్తే అందులో మెథడ్ ఒక్కటే ఉంది, వార్నింగ్ రాలేదు.

తర్వాత చేయాల్సింది: ఫార్ములా ఉన్న సెల్స్‌ని వదిలేయాలి. ఇప్పుడు వాటి మీద కూడా వాల్యూ రాసేస్తోంది, ఫార్ములా పోతోంది. దీనికి ఏ నంబరూ రాదు.